తెడ్డు అంచు

పదకొండేళ్లుగా నా కుడిచేతిలో ఒక పడవ తెడ్డు ఉంది. ఎవరికీ కనబడదు. అన్నం కలుపుతున్నప్పుడు ఉంటుంది, పుస్తకం పేజీ తిప్పుతున్నప్పుడూ ఉంటుంది. దాని బరువు నాకు తెలుసు. అది తగిలినప్పుడు వచ్చిన చప్పుడూ తెలుసు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్తున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యాన్ని ముందు తెలియనివాళ్ల దగ్గర కూడగట్టుకోవాలేమో.

నా స్నేహితుడు సత్తయ్య ఎడమ కన్ను పోగొట్టింది నేను.

రాశాను. కొట్టివెయ్యను.

మాది ఇబ్రహీంపట్నం చెరువును నమ్ముకున్న ఇల్లు. పదో తరగతి తప్పి వల పట్టాను. కానీ గ్రంథాలయాన్ని వదల్లేదు. అర్థం కాని మాటలన్నీ నోటుబుక్కులో రాసుకుని నిఘంటువులో వెతుక్కున్నాను. మనసు గురించి, కోపం గురించి, మనిషి తనను తాను తెలుసుకోవడం గురించి అక్కడున్న పుస్తకాలన్నీ చదివాను. ఊళ్లో ఎవరికి దరఖాస్తు కావాలన్నా నా దగ్గరికే వచ్చేవాళ్లు. నన్ను పంతులు అనేవాళ్లు. అందులో సగం గౌరవం, సగం వెక్కిరింత. నేను గౌరవం సగాన్నే వింటూ వచ్చాను.

సత్తయ్యకు సంతకం తప్ప రాదు. పొద్దున పేపర్లు వచ్చే వేళకు, “నువ్వు పోరా పంతులూ, సదువుకో. నీ వల నేను ఆరేస్త” అని నన్ను గ్రంథాలయానికి పంపేవాడు. నేను చదివిన పుస్తకాలన్నింటి వెనక అతను ఆరేసిన వలలున్నాయి. ఆ రోజుల్లో ఈ మాట నాకు తట్టలేదు. తనను తాను తెలుసుకోవడం గురించి అంత చదివినవాడికి ఇదెందుకు తట్టలేదు?

అది చెరువు తగ్గిన ఎండాకాలం. మా ఊరివాళ్లమంతా కలిసి పెద్ద వల లాగుతున్నాం. వల అడుగు తాడును నీళ్లలో నిలబడ్డవాళ్లు కాలితో నేలకు తొక్కిపట్టాలి. ఒక్కడు కాలెత్తినా కింద సందు పడుతుంది, చేపలు జారిపోతాయి. మాకూ అవతలి ఊరివాళ్లకూ మధ్య నీళ్లలో వెదురుకర్రలు పాతి ఉంటాయి. కర్రలు దాటిన చేప ఎవరి వైపు పోతే వాళ్లదే. అది పెద్దల నాటి నుంచి వస్తున్న కట్టుబాటు.

నేను కాలెత్తాను. ఎందుకెత్తానో చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గు. కోపాన్ని జయించడం గురించి ముందురోజు చదివిన పుస్తకాన్ని పక్కవాడికి వివరిస్తున్నాను. చేతులు ఊపుతూ చెప్పడం నా అలవాటు. ఆ ఊపులో అడుగు కదిలింది. నెలల తరబడి పెంచుకున్న బొచ్చె, రవ్వ చేపలు నీళ్లు చీల్చుకుంటూ కర్రలు దాటిపోయాయి. కర్రల అవతల ఆ ఊరివాళ్ల వల సిద్ధంగా ఉంది.

అందరూ తిడతారనుకున్నాను. సత్తయ్య నవ్వాడు.

“ఏం పంతులూ! చాపలకు గూడ పాఠం జెప్తివా? గవి ఇనలేక అవుతలి ఊరికి పారిపోయినయి గదరా! కోపం జయించుడు అటెన్క జూద్దువు గని, ముందుగాల కాలు కింది తాడు జయించు!”

చెరువంతా నవ్వింది. అవతలి ఊరివాళ్లు కూడా నవ్వారు. నన్ను తిట్టకుండా కాపాడటానికే సత్తయ్య ఆ మాట అన్నాడని ఇప్పుడు తెలుసు. నవ్వినవాళ్లు ఇక కొట్టరు కదా. ఆ పొద్దున మాత్రం ఆ నవ్వు నా ముఖం మీద ఉమ్మినట్టే ఉంది.

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. సత్తయ్య కర్రలు దాటి అవతలికి పోయాడు. మావోడు తప్పు చేసిండు, సగం చేపలియ్యుండ్రి అని అడిగాడు. వాళ్లు ఇయ్యం పొమ్మన్నారు. ఎవడో ఎవడినో నెట్టాడు. నీళ్లలో పాతిన కర్రలన్నీ క్షణంలో చేతుల్లోకి లేచాయి. నడుం లోతు నీళ్లలో మనుషులు మనుషుల జుట్టు పట్టి ముంచారు. బురద, నెత్తురు, బూతులు. ఒకడి పళ్లు ఊడి వల మీద పడటం చూశాను. నేనూ పక్కనున్న పడవలోంచి తెడ్డు లాక్కుని ఉరికాను.

నా ముందు అవతలి ఊరివాడెవడూ లేడు. సత్తయ్య ఉన్నాడు. నా వైపు చూడటం లేదు. ఎడమ చెంప, చెవి, కంటి కొస కనబడుతున్నాయి. ఎవడినో తిడుతూ నోరు తెరిచాడు. ఆ నోరే కదా నవ్వింది అనిపించింది.

గుంపులో పొరపాటున తగిలిందని ఎన్నో ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. కాదు. తెడ్డు వెడల్పు వైపు తగిలితే వాస్తుంది, అంచు తగిలితే తెగుతుంది. తెడ్డు పట్టిన ప్రతివాడికీ ఇది తెలుసు. నేను కొట్టబోయే ముందు తెడ్డును చేతిలో తిప్పాను. అంచు వైపు తిప్పాను. అంత రభసలో అంత తీరిక నాకు ఎక్కడి నుంచి వచ్చింది?

తడి కట్టె మీద గొడ్డలి పడ్డ చప్పుడు. సత్తయ్య రెండు చేతులతో ముఖం పట్టుకుని నీళ్లలో మోకాళ్ల మీద పడ్డాడు. వేళ్ల సందుల్లోంచి నెత్తురు కారి నీళ్లలో పొగలా విచ్చుకుంది. మొదట అతన్ని ఎత్తుకున్నది నేనే. తెడ్డు ఎప్పుడు వదిలేశానో గుర్తులేదు.

దవాఖానలో సగం ముఖానికి కట్టుతో పడుకుని ఉన్నాడు. నా చెయ్యి వెతుక్కుని పట్టుకున్నాడు.

“ఎవడ్రా కొట్టింది? నువ్వు నా పక్కకే ఉంటివి గద.”

నేను అతని దుప్పటి సర్దాను.

“చూసినవా లేదా? జెప్పు.”

“అవ్. చూసిన.”

“ఎవడు?”

“ఆంజనేయులు.”

“ఆ వెల్డింగోడా? వాడు మంచోడు గదరా!”

“చూసిన అంటున్న గద.”

ఆ పేరే ఎందుకు వచ్చింది? ఆంజనేయులు అవతలి ఊరివాడు. రావిర్యాల దగ్గర ఏదో షెడ్డులో వెల్డింగు పని. ఆ రోజు చెరువులో అతని చేతిలో కర్ర కూడా లేదు, మనుషులను విడదీస్తున్నాడు. కానీ అతను కూడా గ్రంథాలయానికి వచ్చేవాడు. నేను నెల నుంచి ఎదురుచూస్తున్న పుస్తకం ముందురోజే అతను తీసుకుపోయాడు. రిజిస్టరులో నా పేరు పైన అతని పేరు చూసి చిరాకుపడ్డాను. సత్తయ్య అడిగినప్పుడు నా నాలుకకు దొరికిన మొదటి పేరు అదే. ఒక మనిషిని నేను అంత చౌకగా వాడుకున్నాను.

ఫిర్యాదు కూడా నేనే రాశాను. ఎక్కడా కొట్టివేత లేకుండా, ఎవరు ఏ దిక్కున నిలబడ్డారో, కర్ర ఎటు నుంచి వచ్చిందో, అన్నీ వరుసగా రాశాను. అది విన్నవాళ్లు కళ్లకు కట్టినట్టుందన్నారు. నిజం చెప్తాను, ఆ మెప్పుకు లోపల కాస్త ఉబ్బాను. నా గురించి నాకు బాగా భయం కలిగించేది తెడ్డు తిప్పిన క్షణం కాదు, ఇది.

కేసు నడుస్తుండగానే ఒక సంత రోజు ఉల్లిగడ్డల కుప్పల మధ్య ఆంజనేయులు ఎదురుపడ్డాడు. సత్తయ్య పక్కన నేనూ ఉన్నాను. దుకాణం పందిరికి ఆనించిన ఇనుపరాడ్డు సత్తయ్య చేతిలోకి ఎప్పుడు వచ్చిందో చూడలేదు. మొదటి దెబ్బకు ఆంజనేయులు చెయ్యి అడ్డం పెట్టాడు. కుడిచెయ్యి. రెండో దెబ్బ కూడా దాని మీదే. మూడోది కిందపడ్డాక. ఎముక విరగడం నేను విన్నాను.

“నేను గాదన్నా! నేను విడిపిస్తుంటినే!” అని అరిచి, అతను నా వైపు చూశాడు. “పంతులూ, నువ్వన్న జెప్పే! నువ్వు ఆడనే ఉంటివి!”

నేను సత్తయ్యను వెనక్కి లాగాను. అంతే.

ఆ మణికట్టు మళ్లీ సరిగా అతుక్కోలేదు. వెల్డింగు పోయింది. సత్తయ్య కొన్ని నెలలు జైల్లో ఉన్నాడు. చివరికి పెద్దమనుషులు కూర్చుని రెండు కేసులూ రాజీ చేశారు. ఆంజనేయులు మళ్లీ గ్రంథాలయంలో కనబడలేదు. నేను మాత్రం పోతూనే ఉన్నాను. పశ్చాత్తాపం గురించి చదివాను. గీతలు గీసుకుంటూ చదివాను.

సత్తయ్య ఇప్పుడు కొంగరకలాన్ దగ్గర ప్లాట్లకు కాపలా ఉంటాడు. అతను జైలు నుంచి బయటికొచ్చిన నాటి నుంచి నేను అతని ఎడమ పక్కనే నడుస్తున్నాను. బండి వస్తే మోచెయ్యి పట్టి లాగుతాను, గుంత ఉంటే చెప్తాను. కొత్తవాళ్లకు నన్ను చూపించి, “నా ఎడమ కన్ను వీడే” అంటాడు. అప్పుడు నేను రోడ్డు వైపు చూస్తాను. ఇంత చేస్తున్నాను కదా, ఇది చాలదా అని ఒకప్పుడు అనుకునేవాణ్ణి. చేస్తున్నది సేవా, కాపలానా? నిజం ఎటు నుంచీ అతని దగ్గరికి రాకుండా ఆ చీకటి పక్క కాపలా కాస్తున్నానేమో.

పోయిన వారం అతనొక మాట అన్నాడు. అందుకే ఈ కాగితం.

“పంతులూ, ఆదివారం ఆంజనేయులు ఇంటికి పోదాం. చెయ్యి విరగ్గొట్టినందుకు వాని కాళ్లు మొక్కుత. నా కన్ను దీసినందుకు మాఫ్ జేసిన అని గూడ జెప్త. గీ పగ మొయ్యలేనురా ఇగ. నువ్వు జర మంచి మాటల్ల రాసియ్యి, నాకు నోరు తిరగది.”

ఒక్క పుస్తకం చదవకుండా అతను అక్కడిదాకా వచ్చాడు. ఆ క్షమాపణను నేను రాయాలట. చెయ్యని తప్పుకు మాఫీ అందుకుంటూ, వంకర చెయ్యి జోడించి, ఆంజనేయులు మళ్లీ నా వైపు చూస్తాడు.

నాలుగు రోజులుగా రాయడానికి కూర్చుంటున్నాను. మంచి మాటలు చాలానే వచ్చాయి. అన్నీ చించేశాను. మిగిలింది ఒక్క వాక్యం. అందులో గ్రంథాలయం మాట ఒక్కటీ లేదు.

సత్తిగా, నీ కన్ను గొట్టింది నేను.

ఇది విన్నాక అతను ఏం చేస్తాడో తెలియదు. కొడతాడేమో. కొట్టకపోతే అది నాకు ఇంకా కష్టం. క్షమించమని అడగను, ఆ మాటకు నాకు హక్కు లేదు. ఈ కాగితం మీద రాసేసరికి మాత్రం, పదకొండేళ్లలో మొదటిసారి, చేతిలోని తెడ్డును కింద ఆనించినట్టయింది. వదల్లేదు. ఆనించాను.

ఆదివారం నేను సత్తయ్యకు కుడివైపు నడుస్తాను, అతనికి నా ముఖం కనబడేటట్టు.