పక్కింటి మగ్గానికి ఎక్కని కంప్యూటరు

తిరుపతి నుంచి నగరి పోయే బస్సులో ఒక నేతామె చెడిపోయిన కంప్యూటరును ఒళ్లో పెట్టుకొని నా పక్కన కూర్చునింది.

"పుత్తూరులో దిగి దానికీ ఎముకల కట్టు కట్టించమ్మా," అని కండక్టరు ఎగతాళి చేసినాడు. ఆమె నా పక్కకు తిరిగింది.

"దీంట్లో సిస్టం, అదే కంప్యూటరును నడిపే సాఫ్ట్‌వేరు, ఆడితేనే పెండ్లి చీర డిజైను మగ్గానికి దిగేది పెద్దాయనా. ఇంకో కంపెనీ కంప్యూటర్లో దాన్ని ఈ అమ్మిన కంపెనీవాళ్లు ఆడనియ్యరంట. ఇంటికాడ మగ్గం ఊరికే ఉండాది. మగ్గం విరిగితే మేము చీరలో డిజైను తెచ్చే జకార్డు పెట్టెను పక్కింటి మగ్గానికి ఎక్కించి నేస్తాం. ఏ వడ్రంగైనా వద్దన్నాడా?"

నాకు ఒళ్లు మండిపోయింది. కొనింది ఆమె, యాడ వాడుకోవాలో చెప్పేది వాళ్లా? అమ్మినారా, కాపలా కూర్చున్నారా?

నగరిలో ఆమె దాన్ని సంకనేసుకొని దిగిపోయింది.

ఇప్పుడెవరైనా కొత్త కంప్యూటరు కొన్నామని మిఠాయి ఇస్తే, "ఇది చెడితే సిస్టం ఇంకోదాంట్లో ఆడతాదా?" అని అడిగి, ఆడతాదంటేనే నోట్లో వేసుకుంటాను. ఇంతవరకూ ఒక్కటీ తినలేదు.