సముద్రం కరెంటు రేటు దిగాలని ఎదురుచూసిన మా మల్లేశ్

నిన్న పొద్దున నెట్ సెంటర్ షటర్ సగం ఎత్తానో లేదో ఫోన్ మోగింది.

మల్లేశ్ పోయాడట.

నమ్మలేదు. పొద్దున్నే ఇవేం మాటలని ఫోన్ చేసినాయన మీద అరిచాను కూడా. ఆయన ఏడుపు విన్నాక షటర్ కిందే కూలబడ్డాను.

హార్ట్ ఎటాక్. ఎల్లారెడ్డిలో తన వెల్డింగ్ షాపు తెరిచి, టీ తాగి, కూర్చున్న చోటే ఒరిగిపోయాడు. హాస్పిటల్ దాకా కూడా పోనివ్వలేదు.

తెలియని ఫ్రెండ్స్ కోసం చెప్తున్నాను. మల్లేశ్ మా చిన్నమ్మ కొడుకు. ఊరు లింగంపేట. నాకంటే చిన్నవాడే కానీ పెత్తనం మాత్రం వాడిదే.

మన వైపు నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లకు లెక్కలేదు. బిల్డింగులు కట్టారు, లారీలు నడిపారు. వీడు ఓడలు చేశాడు. సముద్రంలో కరెంటు తీసే గాలిమరలు నిలబెట్టే ఓడలు.

ఆ ఓడకు కాళ్లుంటాయి. అవి సముద్రం అడుగుదాకా దించి, ఓడ నీళ్ల మీదికి లేచి నిలబడుతుంది. అప్పుడు క్రేన్‌తో మరను ఎత్తి బిగిస్తారు. ఆ కాళ్లకు వెల్డింగ్ చేసింది మావాడు.

2009లో గల్ఫ్‌లో ఓడలు కట్టే యార్డుకు వెళ్లాడు. యూరప్ వాళ్లు అప్పుడు సముద్రం గాలి మీద పడ్డారు. ఏటికేడు కొత్త ప్రాజెక్టులు. మర పెద్దదవుతుంటే ఓడా పెద్దది కావాలి. యార్డులో పని మీద పని. ఫోన్ చేస్తే గొంతులోనే ఆ హుషారు తెలిసేది.

ఒక దసరాకు సెలవు దొరకలేదు. వాడి భార్య సుజాత, ఊరి నుంచి అటు వెళ్తున్న ఒకాయనతో జమ్మి ఆకు పంపింది. మనకు జమ్మి అంటే బంగారమే కదా, పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కుతాం. అక్కడ వాడికి పెద్దలెవరున్నారు? ఓడ తయారై వెళ్లిపోయే రోజు, దాని కాలి దగ్గర జమ్మి పెట్టి మొక్కాడు.

ఫిలిప్పీన్స్ ఫోర్‌మన్ చూసి ఏమిటిదని అడిగాడట. ఇంగ్లిష్‌లో ఇదంతా చెప్పడం వీడికెక్కడ వస్తుంది? ఆయన చేతిలోనూ జమ్మి పెట్టి, గట్టిగా కౌగిలించుకుని అలాయ్ బలాయ్ ఇచ్చేశాడు.

"ఇగ సూడు అన్నా, మొత్తం షిఫ్టు లైన్ కట్టింది. జమ్మి అయిపోయింది గని అలాయ్ బలాయ్ అయిపోలే!"

ఫోన్లో ఒకటే నవ్వు. ఆ నవ్వు నేనింకెక్కడ వినాలి?

సెలవుకు వస్తే లింగంపేటలో బ్యాగు పడేసి, మర్నాడే కామారెడ్డిలో నా నెట్ సెంటర్‌కు వచ్చేవాడు. తన ఓడ పనిచేస్తున్న వీడియో చూడాలి. 2012 ఎండాకాలం కరెంటు కోతలు మీకు గుర్తుండే ఉంటాయి. వీడియో సగం లోడ్ అయ్యేసరికి కరెంటు పోయేది.

"అక్కడ గంత కరెంటుకు పని జేస్తున్న. ఈడ నీ దుకాన్ల ఒక్క బుగ్గ వెలుగుతలేదు" అని నా మీద లేచేవాడు, కరెంటు ఆఫీసు నాదే అయినట్టు.

చివరికి చూశాడు. చుట్టూ నీళ్లు, మధ్యలో ఓడ కాళ్ల మీద నిలబడి ఉంది. స్క్రీన్ మీద వేలు పెట్టి "గా కాలు మనదే" అన్నాడు.

ఆ తర్వాత పని ఆగింది. సముద్రం కరెంటు చాలా ఖరీదు, రేటు దించితేనే ముందుకు పోతామని అక్కడి ప్రభుత్వాలు అన్నాయట. కంపెనీలు ప్రతిదాంట్లో ఖర్చు తగ్గించడం మొదలుపెట్టాయి. తర్వాతి ఓడ పని ఇంకా తక్కువకు చేసిచ్చే వేరే దేశానికి పోయింది. మల్లేశ్ ఇంటికొచ్చాడు.

కోపంగా ఉంటాడనుకున్నాను. లేడు. వాడి లెక్క వాడిది.

"రేటు దిగనీ అన్నా. దిగితే మస్తు మరలు పెడ్తరు. మస్తు పెడ్తే ఉన్న ఓడలు సాలవు. అప్పుడు మమ్ముల పిలువక ఏం జేస్తరు? ఫోన్ జేస్తనని ఫోర్‌మన్ చెప్పిండు."

అప్పటినుంచి ఎల్లారెడ్డిలో గేట్లు, గ్రిల్స్, ట్రాక్టర్ ట్రాలీలు. ఆదివారం వస్తే నాకు ఫోన్.

"నెట్ల సూడు అన్నా. రేటేమన్న దిగిందా?"

మన మార్కెట్ యార్డులో మక్కల రేటు పెరిగిందా అని అడిగేవాళ్లనే చూశాను. తగ్గిందా అని అంత ఆశగా అడిగినవాడు వీడొక్కడే.

ఇంగ్లిష్ వార్తలు వెతికి, నాకు అర్థమైనంత చెప్పేవాణ్ని. మరలు ఇంకా పెద్దవి చేస్తున్నారట. కొన్ని మరలతోనే ఎక్కువ కరెంటు వస్తుందట. ఖర్చు మెల్లమెల్లగా దిగుతుందట.

"ఎప్పుడట?"

ఇంకొన్నేళ్లు పడుతుందట అంటే "గాలి ఏడికి పోతది అన్నా. ఆగుదాం" అనేవాడు.

పని ఒక్కటే కాదు. ఆ ఓడ ఎక్కి ఒక్కసారి సముద్రం మధ్యకు పోవాలని వాడికి ఎంత ఆశో నాకు తెలుసు. చేసి పంపడమే గానీ, నీళ్లలో మర తిరగడం కళ్లారా చూడలేదు. నేనూ చూడలేదు. ఇద్దరం కలిసి చూద్దామని ఎన్నిసార్లు అనుకున్నామో.

నిన్న సాయంత్రం అంతా అయ్యాక ఇంటి ముందు కూర్చున్నాం. లోపలి నుంచి సుజాత వచ్చింది. వాడి ఫోన్ చార్జింగ్‌లోంచి తీసి తెచ్చి నా చేతిలో పెట్టింది.

"బావా, ఆ ఫోర్‌మన్ ఫోన్ జేస్తే ఏం చెప్పాలె?"

ఫోన్ జేబులో పెట్టుకున్నాను. ఇది రాస్తున్నప్పుడు కూడా నా పక్కనే ఉంది.

పోయిరా తమ్మీ. రేటు సంగతి నేను చూస్తుంటాను. నువ్వింక ఎదురుచూడకు, నిమ్మళంగా పడుకో.