దొరప్ప నిలబడిన తీరు

పోయిన నెల ఒక ఆదివారం మధ్యాహ్నం మా మనవరాలు ఫోనులో ఏదో అమెరికా సినిమా పెట్టుకుని, నాకూ కనబడేలా దాన్ని నీళ్ళ చెంబుకు ఆనించింది. వాళ్ళ ఇంగ్లీషు నాకు సగం కూడా చెవికెక్కదు కాబట్టి బొమ్మలు మాత్రం చూస్తూ కూర్చున్నాను. సినిమా సగంలో ఒక కోర్టు గది వచ్చింది. ముసలి జడ్జి వేషం వేసినాయన లోపలికి వచ్చి, మనవైపు వీపు పెట్టి కాసేపు కదలకుండా నిలబడి, ముందు ఎడమ భుజం, ఆ తరువాత గడ్డం, చివరికి కళ్ళు, ఆ వరసలో మెల్లగా ఇటు తిరిగాడు. సినిమా ఆపమన్నాను.

ఆ తిరగడం నాకు తెలుసు. కుప్పం దాటి తమిళ సరిహద్దు వైపు పోతే వచ్చే మా మేనమామ ఊళ్ళో, వీధినాటకంలో రాజు వేషం కట్టినవాడు ఇద్దరు పట్టుకున్న తెర వెనక నుంచి అలాగే తిరిగేవాడు. అలా తిరగడం తన శిష్యులకు తప్ప ఇంకెవరికీ రాదని మా మామ గర్వంగా చెప్పుకునేవాడు.

మనవరాలు ఆ నటుడి వివరాలు వెతికి చదివింది. వయసులో ఉన్నప్పుడు వాళ్ళ దేశంలో చిన్న చిన్న హాళ్ళలో నాటకాలు, చాలా ఏళ్ళకు పెద్ద నాటకశాలలు, నలభై దాటాక సినిమాలు. జడ్జి, డాక్టరు, పెళ్ళికూతురి తండ్రి, ఇలాంటి వేషాలే తప్ప హీరో ఎన్నడూ కాలేదట. చివరి ఇరవై ఏళ్ళు నిర్మాతగా, ఎవరికీ తెలియని కొత్తవాళ్ళను పెట్టి నాటకాలు, రెండు మూడు సినిమాలు తీశాడు. రెండేళ్ళ కిందట కన్నుమూశాడు. ఆయన పాత ఇంటర్వ్యూ ఒకటి కూడా దొరికింది. తనకు నిలబడటం నేర్పినవాడు దక్షిణ భారతంలో ఒక పల్లెలో రాళ్ళు కొట్టుకుని బతికే మనిషని, అందుకే తాను తలపెట్టిన ప్రతి నాటకానికీ మొదటి రిహార్సల్ రోజున ఇద్దరి చేత దుప్పటి పట్టించి, చిన్నా పెద్దా ప్రతి నటుడినీ దాని వెనక నుంచి రమ్మంటానని అందులో చెప్పాడు. అక్కడి నుంచి ఎందుకు వచ్చేశారని అడిగితే నవ్వి, ఏదో పత్రికలో నా గురించి రాశారు, ఎవరు రాశారో ఎందుకు రాశారో ఇప్పటికీ తెలియదు అన్నాడు.

మనవరాలు అంతా నాకు తెలుగులో చెప్పి, తాతా, నువ్వు పేపర్లో పనిచేసినావు కదా, నీకేమైనా తెలుసా అని అడిగింది. తెలియదన్నాను. నలభై ఏళ్ళ కిందట చెప్పిన అబద్ధాన్నే, డెబ్బై దగ్గరపడిన వయసులో, చిన్నపిల్ల ముందు మళ్ళీ చెప్పాను.

ఆ రోజుల్లో నేను మదనపల్లెలో ఒక దినపత్రికకు కొత్త విలేకరిని. మా తరం వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పుడు వార్తలు వెళ్ళేది బస్సులో. సాయంత్రం దాకా పోగుచేసినవి తెల్లకాగితాల మీద రాసి, కవరులో పెట్టి, ఆరు గంటల బస్సు డ్రైవరు చేతికి ఇస్తే, అవతల మా ఆఫీసు మనిషి దించుకునేవాడు. టమోటా యార్డు, పట్టుగూళ్ళు, బావిలో పడిన ఎద్దు, ఇవే నా వార్తలు. పదింటిలో ఒకటి వస్తే ఆ రోజు పండగ. చుట్టూ గీతలు గీసి పెద్దక్షరాల శీర్షికతో వేసే బాక్సు వార్త మాత్రం నాకు ఎప్పుడూ దక్కలేదు.

మా మామ చుట్టుపక్కల పల్లెలకంతా వాద్యారు, అంటే వీధినాటకం నేర్పే గురువు. ఆయనా, ఆయన జట్టూ అందరూ కూలివాళ్ళే. బావులు తవ్వుతారు, బండలు కొడతారు, పంటలు ఇంటికి చేరాక గజ్జె కడతారు. మామకు చదువు రాదు, వేషాల మాటలన్నీ నోటికే వచ్చు. ఆయన దగ్గరికి, ఎవరు చెబితే విన్నాడో గానీ, అమెరికా నుంచి ఒక కుర్ర నటుడు వచ్చి, మామ ఇంటి అరుగు మీదే మకాం పెట్టాడు. ఊరంతా అతన్ని దొరప్ప అని పిలిచింది. మామ అతన్ని మొదటి నెలంతా నిలబెట్టాడు. కిరీటం బరువు అలవాటు కావాలని తలమీద గుడ్డ చుట్టిన ఇసుకమూట పెట్టి, పొద్దున్నే ఇంటి ముందర నిలబెట్టేవాడు. అతను కాస్త ఒరిగితే చాలు, "ఏమప్పా దొరప్పా, నువ్వు రాజువా, బస్సుకు కాసుకోనుండావా?" అని కేక. చుట్టూ చేరిన ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. దొరప్ప కూడా నవ్వేవాడు. మూట జారకుండా ఎలా నవ్వాలో అతనే కనిపెట్టాడు.

ఒకసారి నేను వెళ్ళిన పూట, మా అత్త వంటింట్లో మా ఇద్దరికీ రాగిసంగటి పెట్టింది. దొరప్ప ముద్దను రొట్టె కొరికినట్టు కొరికి నమలడం మొదలుపెట్టాడు. అది పళ్ళకు అంటుకుని నోరు తెరవలేక కళ్ళు తేలేశాడు. అత్త నవ్వలేక చచ్చింది. "నమిలేది కాదప్పా, మింగల్ల! అద్దుకోని మింగల్ల!" అని తాను మింగి చూపించింది. అలా మింగడం నేర్చుకోవడానికి అతనికి మూడు ముద్దలు పట్టింది.

ఆ వేసవిలోనే మామ జట్టుకు పుంగనూరు నుంచి పిలుపు వచ్చింది. పల్లెల్లో వీధి మధ్య ఆడటమే తప్ప, పట్నంలో, కట్టిన స్టేజీ మీద, పట్టపగలు, కుర్చీల్లో కూర్చున్న జనం ముందు ఆడటానికి వాళ్ళను ఎవరూ ఎప్పుడూ పిలవలేదు. దొరప్పది మంత్రి వేషం, మామది రాజు వేషం. మామకు అప్పటికి యాభై దాటాయి. ఈ ఒక్క ఆట ఆడితే ఇంకేమీ వద్దు అనేవాడు.

నేను దాన్ని చక్కటి వార్తగా రాసి పంపాను. సంగటి ముచ్చట కూడా చేర్చాను. అది రాలేదు. ఫోను చేస్తే, డెస్కులో ఉన్నాయన ఇందులో వార్త ఏముంది అన్నాడు. మరునాడు అదే వార్తను మళ్ళీ రాస్తూ చివర ఒక వాక్యం కలిపాను. ఆ అమెరికా వాడు అసలు ఏ పనిమీద సరిహద్దు పల్లెలో మకాం పెట్టాడోనని గ్రామంలో పలువురు చర్చించుకుంటున్నారు, అని. మా వృత్తిలో ఉన్నవాళ్ళకు ఈ పలువురు బాగా తెలుసు. మాకు అనాలని ఉండి, అన్నవాళ్ళు దొరకనప్పుడు వాళ్ళు వస్తారు. వాళ్ళకు పేర్లు ఉండవు, ఊళ్ళు ఉండవు, ఎవరూ వెళ్ళి అడగలేరు. కవరు అంటించి ఆరు గంటల బస్సుకు ఇచ్చాను. రెండో రోజు పొద్దున బాక్సులో, పెద్దక్షరాలతో వచ్చింది. కింద నా పేరు లేదు గానీ, హోటల్లో నలుగురు చదువుతుంటే పక్క బల్ల దగ్గర కూర్చుని విన్నాను. ఆ సంతోషం ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

పేపరు వచ్చిన మూడో రోజుకే పోలీసులు వెళ్ళి దొరప్ప కాగితాలు అడిగారు. కాగితాలు సరిగానే ఉన్నాయి, కానీ వాటిలో ఉన్నది బెంగుళూరు చిరునామా. విచారణ అయ్యేదాకా బెంగుళూరు వెళ్ళి అక్కడే ఉండమన్నారు. పుంగనూరు వాళ్ళు ఆట ఇప్పుడే వద్దని కబురు పంపారు. నిజంగానే ఊళ్ళో పలువురు చర్చించుకోవడం అప్పుడు మొదలైంది.

ఆ వారంలోనే మామ పొద్దుటి బస్సుకు మదనపల్లెకు వచ్చాడు. హోటల్లో దోసెల ముందు కూర్చున్నాక, పంచె మడతలోంచి ఆ పేపరు ముక్క తీసి నా ముందు పెట్టాడు.

"ఎవురో రాసినారు సూడప్పా. మనూర్లో ఎవురూ అట్లా అనుకోలా. ఇంటింటికీ పోయి అడిగినా. నువ్వు పేపర్లో ఉండావు కదా, రాసినోడు ఎవురో నీకు తెలిసుంటాదేమో అని వచ్చినా."

నేను పేపరు ముక్కను మొదటిసారి చూస్తున్నట్టు అటూ ఇటూ తిప్పాను.

"ఆయప్ప మీద నాకు కోపం లేదు. తప్పయిందని రెండు ముక్కలు రాస్తే సాలు. ఆటకు ఇంకా పదైదు దినాలుండాది. పుంగనూరోళ్ళు మళ్ళా పిలుస్తారు, దొరప్ప వచ్చేస్తాడు."

నాకు తెలియదు మామా, ఆఫీసులో ఎవరో రాసుంటారు, కనుక్కుంటాలే అన్నాను. మామ నా మొహంలోకి చాలాసేపు చూశాడు. నేను సర్వరును పిలిచి ఇంకో దోసె చెప్పాను. "సరేప్పా" అని, పేపరు ముక్కను మళ్ళీ అవే మడతల మీద మడిచి, ఈడ ఎండలు మావూరి కంటే జాస్తిగా ఉండాయే అంటూ వేరే మాటల్లోకి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం కూడా ఆరు గంటలకు బస్సు ఉంది. నా కవరులో టమోటా ధరలు వెళ్ళాయి. మామ అడిగిన రెండు ముక్కలు వెళ్ళలేదు, ఆ తరువాత ఏ రోజూ వెళ్ళలేదు. వీసా గడువు ముగిసి దొరప్ప బెంగుళూరు నుంచే వాళ్ళ దేశం వెళ్ళిపోయాడు. మామ కిరీటాన్ని అటక మీద పెట్టాడు. మళ్ళీ ఎవరికీ నేర్పలేదు. ఇంకో పన్నెండేళ్ళు బతికి, నాతో ఎప్పటిలాగే నవ్వుతూ మాట్లాడి, వెళ్ళిపోయాడు.

సినిమా చూసిన వారానికి నేను బస్సెక్కాను. అత్త ఇప్పుడు కుప్పంలో కూతురి దగ్గర ఉంటుంది. చూపు తగ్గింది గానీ నోరు తగ్గలేదు. ఫోను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని ఆ కోర్టు ముక్కను మూడుసార్లు వేయించుకుంది. "ఓయమ్మా, మన దొరప్పే! ఎంత ముసిలోడైపోయినాడు! ఆ మెడ సూడు, మీ మామ నిలబెట్టిన మెడ" అంది. ఇన్నేళ్ళూ రాని ధైర్యం ఆ మాటతో వచ్చి, అత్తా, ఆ రోజు పేపర్లో రాసింది, అని మొదలుపెట్టాను.

"నువ్వే కదప్పా. తెలుసులే."

ఎలా తెలుసు అన్నాను.

"సంగటి నమిలిన సంగతి రాసినావే. ఆ పొద్దు వంటింట్లో ఉండింది నేను, నువ్వు, దొరప్ప. ఇంకెవురుండారు రాసేదానికి? పేపరు సదివించుకుంటా ఆ ముక్క కాడ మీ మామ నవ్వినాడు. ఆఖరు ముక్క ఇని మాట్లాడకుండా అయిపాయ."

మరి నన్నే ఎందుకు అడిగాడు అన్నాను.

"నీ నోట ఇందామని. బస్సుకు పోతా నాతో అన్నాడు, పిల్లోడు తెలీక రాసుంటాడు, ఎదురుగా కూసుంటే సెప్పేస్తాడు, సెప్పినోడు సరి కూడా సేస్తాడని. తిరిగొచ్చినాక ఏమన్నాడని అడిగితే, మా అల్లుడు దోసెలు బాగా తినిపించినాడే అన్నాడు. మళ్ళా ఆ మాటే ఎత్తలేదు." అని, నా చేతిని వెతికి పట్టుకుని, "నువ్వేం తిన్నావప్పా పొద్దున్నుంచి?" అని అడిగింది.

తిరుగు బస్సు పుంగనూరులో కాసేపు ఆగింది. స్టేజీ కడతామన్న ఖాళీ స్థలంలో ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణాలు వరసగా ఉన్నాయి. వార్తకు ఇప్పుడు బస్సు అక్కర్లేదు, కవరు అక్కర్లేదు, డ్రైవరును బతిమాలుకోనక్కర్లేదు, జరిగిన నిమిషానికి లోకమంతా తిరిగి వస్తుంది. తప్పు దిద్దుకోవడం కూడా అంత సులువే అయింది. కానీ అప్పుడు మాత్రం ఏమంత కష్టం? ఒక తెల్లకాగితం, ఒక కవరు, ఆరు గంటల బస్సు చాలు. ఇవాళ నేను సరి చేసినా స్టేజీ ఎక్కడానికి మామ లేడు, రావడానికి దొరప్ప లేడు. ఆ బాక్సు వేసిన పత్రిక ప్రతి ఎక్కడా దొరకదు. పలువురు మాత్రం ఇంకా ఉన్నారు, ఇప్పుడు ప్రతి ఫోనులోనూ చర్చించుకుంటూనే ఉన్నారు.

ఇంటికి రాగానే మనవరాలిని పిలిచి కూర్చోబెట్టాను. మామకు చెప్పవలసిన మాట ముందు ఆ పిల్లకు చెప్పి, ఇప్పుడు మీకు చెబుతున్నాను. ఆ పల్లెలో ఆ రోజు చర్చించుకున్న పలువురు ఎవరూ లేరు. నేనొక్కడినే.