తెల్లబడని పేజీ

శంషాబాద్ బస్టాండ్ దగ్గర నాది జిరాక్సు, నెట్ పనుల దుకాణం. పుట్టింది కోస్తాలో, పెళ్లయ్యాక ఇక్కడ స్థిరపడ్డాం. పదేళ్లుగా ఊళ్లోవాళ్ల సర్టిఫికెట్లు పంపిస్తున్నాను కదా, నాకు తెలియనిది లేదనే పొగరుండేది. అన్నీ తెలిసినమ్మ అమావాస్యనాడు చచ్చిందంటారు, నా సంగతీ అంతే.

ఇదివరకు ఫైలు పంపితే పేజీ ఒక్కసారి తెల్లబడి, మళ్లీ ఖాళీ గడులతో వచ్చేది. అలా వచ్చిందంటే పని అయినట్టే. ఈ ఏడు నర్సింగ్ సీట్ల వెబ్‌సైటు మార్చేశారు. పేజీ కదలదు, అడుగున సన్నటి పచ్చగీత మెల్లగా సాగుతుంటుంది, అంతే. ఎంతసేపటికీ తెల్లబడకపోయేసరికి నేనే రిఫ్రెష్ నొక్కాను. ఖాళీ గడులు వచ్చాయి. "అయిపోయిందన్నా" అన్నాను, పొద్దున్నే మంఖాల్ నుంచి కూతురి సర్టిఫికెట్లు పట్టుకొచ్చిన ఆటో డ్రైవరుతో. దండం పెట్టి వెళ్లాడు.

మధ్యాహ్నం దాటాక అదే పని మీద కందుకూరు టీచరమ్మ ఒకావిడ వచ్చింది. నేను రిఫ్రెష్ నొక్కబోతుంటే చెయ్యి పట్టుకుంది.

"ఆగక్కా! గీత ఇంక నిండలే. ఇప్పుడు నొక్కితే ఫైలు మధ్యలనే ఆగిపోతది."

ఆగాను. గీత నిండింది. పేజీ కదలకుండానే 'అందినది' అని అక్షరాలు పడ్డాయి.

పొద్దున నేనా మాట చూడలేదు. గడువు సాయంత్రం ఐదు వరకే, అప్పటికే నాలుగైంది. ఆ పిల్ల సీటు నా చేతులారా పోగొట్టాను.

స్కాన్ చేసినవి నా కంప్యూటర్లోనే ఉన్నాయి. కానీ వెబ్‌సైటు లోపలికి వెళ్లాలంటే ఆ ఆటో డ్రైవరు ఫోనుకొచ్చే ఓటీపీ కావాలి. ఫోన్ చేస్తే నాలుగోసారికి ఎత్తాడు.

"అన్నా, మీ ఫోనుకి ఇప్పుడొచ్చిన నంబరు చెప్పండి, తొందరగా!"

"ఎవలడిగినా చెప్పొద్దని పొద్దుగాల ఆ దుకాణం అక్క చెప్పింది. నువ్వెవలు?"

"ఆ అక్కని నేనే. ఫైళ్లు వెళ్లలేదన్నా, తప్పు నాదే!"

పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

బయట ఏ ఆటో చప్పుడైనా గుమ్మంలోకి పరిగెత్తాను. టీచరమ్మ తన పని అయిపోయినా వెళ్లలేదు, నన్ను చూసి భయపడిందేమో.

ఐదింటికి ఇంకా పది నిమిషాలున్నాయనగా అతనే వచ్చాడు. ఎయిర్‌పోర్టులో సవారీని దించి నేరుగా వచ్చాడట. తిడతాడనుకున్నాను. ఫోను తీసి నా ముందు పెట్టాడు.

పచ్చగీత కదిలింది. అలవాటుకొద్దీ చెయ్యి లేచింది. రెండు చేతులూ ఒళ్లో కట్టేసుకుని కూర్చున్నాను. సగంలో గీత ఆగింది. ఏడుకొండలవాడా అనుకున్నాను. మళ్లీ కదిలింది, నిండింది. 'అందినది.'

"అయిపోయిందన్నా" అన్నాను. కన్నీళ్లు ఆగలేదు.

అతను నావైపు చూడలేదు. టీచరమ్మ వైపు తిరిగాడు.

"జర నువ్వు సూడక్కా, నిజంగ పోయిందా?"