పెద్ద టీవీకి పెట్టిన బొట్టు

ఆ రోజుల్లో, అంటే మరీ అంత పాతకాలమేమీ కాదు, బళ్లలోకి వేలితో తాకితే పలికే పెద్ద పెద్ద టీవీలు కొత్తగా దిగుతున్న రోజుల్లో, లోకంలోని అజ్ఞానాన్నంతా నేనొక్కదాన్నే ఒక రిమోటుతో తరిమేస్తానని నాకు గట్టి నమ్మకం. ఊరికే కాదు, ఆదోనిలో మాకు శిక్షణ కూడా ఇచ్చారు. (శిక్షణంటే, ఒకాయన తెర మీద వేలితో గీత గీసి చూపించాడు, మేమంతా చప్పట్లు కొట్టాం, ఉగ్గాని బజ్జీ తిన్నాం, సర్టిఫికెట్టు పట్టుకుని ఎమ్మిగనూరు బస్సెక్కాం.) ఆ సర్టిఫికెట్టు చూసి మా అమ్మ, "ఇదేమన్నా జీతం పెంచుతుందా?" అని అడిగిందే తప్ప ఒక్క ముక్క మెచ్చుకోలేదు.

నా బడి గోనెగండ్ల దాటి లోపలికి పోయే ఒక మెట్ట ఊళ్లో. పత్తి తీసే కాలం వచ్చిందంటే సగం తరగతి చేలల్లోనే ఉండేది. పాఠం చెప్పడానికి పిల్లల్ని వెతుక్కుంటూ గట్ల వెంబడి తిరిగేదాన్ని. అలాంటిది ఆ టీవీ వచ్చాక, పిలవకుండానే ఒక్కొక్కరూ వచ్చి కూర్చోవడం మొదలుపెట్టారు. అందరికంటే ముందొచ్చింది మా వంటమ్మ మనవరాలు పిడుగు. మధ్యాహ్నం భోజనం వండే ఆ వంటమ్మని ఊరంతా గంటెవ్వ అనేది. గంటె ఎత్తకుండా ఆమె ఎవరితోనూ మాట్లాడింది లేదు, మా పెద్దసారుతో సహా.

ఇంతలో ఆదోని నుంచి పెద్దసారుకి ఫోనొచ్చింది. పల్లెల్లో వాడకుండా పడున్న టీవీల్ని టౌను బళ్లకి మారుస్తారట, మా బడిని చూడటానికి శుక్రవారం ఒక ఆఫీసరు స్వయంగా వస్తాడట. ఆ మాట గంటెవ్వ చెవిన పడింది.

"టీచరమ్మా, ఈ టీవీ పోయిందంటే మా పిడుగు మళ్లా పత్తికే. దాని నాయన ఇప్పుడే సణుగుతాండాడు, 'టీవీ సూసేదానికి బడి ఎందుకు' అని. ఎట్లన్నా సేసి నిలబెట్టు తల్లీ" అంది. ఆ రోజు మాత్రం ఆమె చేతిలో గంటె లేదు. అది చూసి నాకు నిజంగానే భయమేసింది.

"నేనున్నాగా అవ్వా!" అన్నాను. (సర్టిఫికెట్టు పలికించిన మాట అది.)

శుక్రవారం నా బస్సు ఆలస్యమైంది. ఉరుకులు పరుగుల మీద బడికి పోయేసరికి తరగతి గదిలో సాంబ్రాణి పొగ. టీవీకి చామంతి దండ, గోడ వారన కొట్టిన కొబ్బరికాయ, తెర నాలుగు మూలలా, నట్టనడుమా పసుపు ముద్దలు, వాటి మీద కుంకుమ. పెద్దసారు చేతులు కట్టుకుని భక్తిగా నిలబడి ఉన్నాడు.

"కొత్త ట్రాక్టరొస్తే పూజ సెయ్యకుండా సేన్లోకి దించుతామా? దీన్ని పూజ లేకుండానే నడిపించినారు. అందుకే దిష్టి తగిలినాది" అంది గంటెవ్వ.

నాకు లోలోపల నవ్వొచ్చింది. పోనీలే, అందంగానే ఉంది కదా అని ఊరుకున్నాను.

ఆఫీసరు వచ్చాడు. పిల్లల అమ్మలందరూ కిటికీల దగ్గర మూగారు. నేను గొంతు సవరించుకుని గుండె పాఠం తెరిచాను. తెరవగానే అది దానంతటదే మూసుకుపోయింది. మళ్లీ తెరిచాను. ఈసారి గుండె ఇంత పెద్దదై, అంత చిన్నదై, పక్కకి జారిపోయింది. శబ్దం పెరిగింది, తగ్గింది, ఎర్ర గీతొకటి అడ్డంగా వచ్చింది.

"అయ్యో! టీవీకి అమ్మవారు పూనినాదే!" అని కిటికీలోంచి ఎవరో కేక. గదిలో సగంమంది దండం పెట్టారు. పెద్దసారు చెయ్యి కూడా సగం పైకి లేచి, ఆఫీసరుని చూసి ఆగిపోయింది.

"పని చేయని దాన్ని ఇక్కడ పెట్టుకుని ఏం చేస్తారమ్మా? రేపే ఆదోనికి పంపించెయ్యండి" అన్నాడాయన.

అప్పుడు వెలిగింది నాకు. ఆ తెర చుట్టూ చట్రంలోంచి కంటికి కనపడని వెలుతురు పారుతుంటుంది, వేలు అడ్డమొస్తే నొక్కారని దానికి తెలుస్తుంది. గంటెవ్వ పెట్టినవి మామూలు బొట్లా? నిమ్మకాయంత ముద్దలు. పాపం టీవీకి, ఐదుగురు ఐదు చోట్ల నొక్కి పట్టుకుని వదలనట్టే లెక్క. ఓస్ ఇంతేనా అని చున్నీ చెంగుతో తుడవబోయాను.

"ఏయ్ టీచరమ్మా!" గంటెవ్వ గంటె లేచింది. "పూజ సేసిన తల్లికి బొట్టు సెరుపుతారా ఎవరన్నా? సెరిపినావంటే మా పిల్లోల్ని ఇంగ దాని జోలికే పోనీయము."

అమ్మలందరూ అవునవునన్నారు. తుడిస్తే పిల్లలు రారు, తుడవకపోతే టీవీ ఉండదు. శిక్షణలో ఇది చెప్పలేదే! పిడుగు నా వైపే గుడ్లప్పగించి చూస్తోంది. దాని ముఖం చూశాక ఎక్కడలేని తెగింపు వచ్చింది.

"అవ్వా, అమ్మవారి బొట్టు చెరిపితే తప్పు. మరి మనం తీసి నుదుట పెట్టుకుంటే?"

గంటెవ్వ గంటె దించి ఆలోచించింది. "పెట్టుకుంటే తప్పేముండాది? పున్నెమే కదా!"

ఇంకేం! నట్టనడుమ ముద్దలోంచి ఇంత తీసి, ఆఫీసరు ఏమిటేమిటనే లోపలే ఆయన నుదుటన దిద్దేశాను. (కంగారులో కొంచెం ముక్కు దాకా వచ్చింది.) పెద్దసారు తనంతట తానే తల వంచాడు. అమ్మలు లోపలికొచ్చి వరస కట్టారు, పిల్లలు తోసుకున్నారు. ముద్దలు కరిగిపోయాయి. చివరికి మిగిలిన పసుపు మరకల్ని గంటెవ్వే తన కొంగుతో మెల్లగా అద్ది, ఆ కొంగుని కళ్లకద్దుకుంది. తుడవడమంటే అంతకంటే ఏం చేస్తారో నాకిప్పటికీ తెలీదు!

పిడుగు వచ్చి వేలు ఆనించింది. గుండె తెరుచుకుని లబ్‌డబ్ లబ్‌డబ్ మని కొట్టుకుంది. నాది కూడా అప్పటికి దారికొచ్చింది.

"సూసినావా సారూ, తల్లి శాంతించినాది" అంది గంటెవ్వ. ఆఫీసరు ఆ బొట్టుతోనే ఫోటో దిగి, ఆ బొట్టుతోనే జీపెక్కాడు. టీవీ మాకే ఉండిపోయింది.

ఇప్పుడు నేను ఎమ్మిగనూరులోనే పనిచేస్తున్నాను. అడిగిందానికల్లా జవాబు చెప్పే యంత్రాలు కూడా బడికొచ్చేశాయి. నాకు మాత్రం వెనకటి నమ్మకం లేదు, భయమూ లేదు. మొన్న ఒక వీడియో కాల్ వచ్చింది. పిడుగు ఆదోనిలో పాలిటెక్నిక్‌లో చేరిందట, స్కాలర్‌షిప్పుతో అవ్వకి కొత్త ఫోను కొనిచ్చిందట. ఆ అవ్వ ఊరుకుంటుందా? ఫోనుకి పూజ చేసి, సరిగ్గా కెమెరా మీదే బొట్టు పెట్టింది. నా తెర నిండా పసుపూ కుంకుమా తప్ప ఏమీ లేదు.

"టీచరమ్మా, బాగుండావా? నేను కనపడతాండానా?"

ఆ రోజుల్లో అయితే చట్రం, వెలుతురు అంటూ పాఠం మొదలుపెట్టేదాన్నే. కళ్లలో నీళ్లు తిరిగాయి, నవ్వూ వచ్చింది.

"బాగా కనపడతాండావవ్వా" అన్నాను.