బోర్లించిన నీళ్ళసీసా

గురువారం. కుళాయి నీళ్ళు పట్టాను. రెండు పూటల వంట ఒకేసారి చేశాను. ఇడ్లీ పిండి రుబ్బాను. ఆరిన బట్టలు మడతపెట్టాను. ఎనిమిదిన్నరకల్లా నాలుగు పనులూ అయ్యాయి. ఐదోది మంగళగిరి బస్సెక్కడం. చెప్పులేసుకుంటుంటే ఫోను వచ్చింది. తెల్లవారుజామున నిద్రలోనే పెద్దక్క పోయిందని ఆవిడ కోడలు చెప్పింది. ఎక్కాల్సిన బస్సే ఎక్కాను.

పెద్దక్క నాకు చుట్టం కాదు. పదేళ్ళ కిందట, పిల్లలు బడికెళ్తున్న రోజుల్లో, వన్‌టౌన్‌లో ఒక బట్టల షాపులో నాలుగేళ్ళు పనిచేశాను. ఆవిడది జాకెట్టు ముక్కల కౌంటరు, నాది పక్కనే ఫ్యాన్సీ చీరలు. నేతపని చేసే ఇంటి మనిషి, రోజూ మంగళగిరి నుంచి వచ్చి వెళ్ళేది. అందరికన్నా వయసులో పెద్ద కాబట్టి షాపంతా అలాగే పిలిచేవాళ్ళం.

బట్టల షాపులో ఆడవాళ్ళు ఉదయం పదింటి నుంచి రాత్రి తొమ్మిదింటి దాకా నిలబడే ఉంటారని మీరు గమనించే ఉంటారు. నీళ్ళు తాగరని మాత్రం గమనించి ఉండరు. మాకు కేటాయించిన బాత్రూము నాలుగో అంతస్తులో, గోడౌను పక్కన ఉండేది. లిఫ్టు కస్టమర్లకే. మా అంతస్తులోనూ ఒకటుంది కానీ అదీ కస్టమర్లదే, దానికి తాళం. మెట్లెక్కి దిగేసరికి పావుగంట. ఎవరు ఎంతసేపు కనబడలేదో మేనేజరు చూస్తుండేవాడు. అందుకని పొద్దున ఇంట్లో కాఫీ తాగితే మళ్ళీ ఇంటికెళ్ళాకే మంచినీళ్ళు.

పెద్దక్కకి అంతకుముందే కిడ్నీలో రాళ్ళకి ఆపరేషను అయింది. అందుకే మా అందరికీ తలా ఒక సీసా పెట్టింది. ఏది ఎవరిదో తెలిసేలా మెడకి ఒక్కో రంగు గుడ్డపేలిక కట్టింది. నాది మామిడిపండు రంగు, ఆవిడది చిలకపచ్చ. మధ్యాహ్నం మూడింటికొకసారి, షాపు కట్టేసే ముందొకసారి వచ్చి ఒక్కో సీసా ఎత్తి బోర్లించి చూసేది. నీళ్ళు మిగిలితే తిట్టేది కాదు. సీసా మన ముందు పెట్టి, తాగిందాకా అక్కడే నిలబడేది.

"కస్టమరు వంద చీరలు తీయించినా విసుక్కోవు. ఒక్క సీసా తాగడానికి విసుగేంటే నీకు?" అనేది.

నేను పనులన్నీ ఒక పద్ధతిగా చేసే మనిషిని. ఈ మోసం కూడా పద్ధతిగానే చేశాను. బొమ్మకి చీర కట్టి నిలబెట్టే చోట కుండీలో మనీప్లాంటు ఉండేది. మూడింటికి ముందొకసారి, తొమ్మిదింటికి ముందొకసారి నా సీసా అందులో పోసేదాన్ని. బోర్లిస్తే చుక్క రాలేది కాదు. నన్ను చూసి నేర్చుకోమని పెద్దక్క మిగతా పిల్లలకి చెప్పేది.

శ్రావణమాసం రద్దీలో ఒకరోజు కౌంటరు దగ్గరే వణుకు మొదలైంది. జ్వరం, నడుం కింద పోటు. మూత్రంలో ఇన్ఫెక్షను కిడ్నీల దాకా పాకిందని ఆస్పత్రిలో చేర్చుకున్నారు. మా షాపులో శ్రావణంలో మూడు రోజులు మించి రాకపోతే ఇక రానక్కర్లేదు. నేను పదకొండు రోజులు వెళ్ళలేదు.

ఆ పదకొండు రోజులూ పెద్దక్క రెండు కౌంటర్లూ చూసింది. నా కౌంటరులో అమ్మకం తగ్గితే తనని తీసెయ్యమని మేనేజరుతో చెప్పిందట. ఆ వారంలోనే షావుకారు గారి దగ్గరికి వెళ్ళి మా అంతస్తు బాత్రూము తాళం మాకూ ఇప్పించమని అడిగింది. చూద్దాంలెమ్మా అన్నారట. మర్నాడు మూడింటికి నిండు సీసా తెచ్చి ఆయన బల్లమీద పెట్టి తన కౌంటరుకి వచ్చేసింది. ఆ రోజంతా తను నీళ్ళు తాగలేదు. రెండో రోజూ అంతే. ఆవిడ ఆపరేషను సంగతి ఆయనకీ తెలుసు.

మూడో రోజు ఆయన పిలిచి, "ఏంటమ్మా ఇది? ఆ ఒంటితో నీళ్ళు తాగకపోతే ఎట్లా?" అన్నారట.

"నేనూ రోజూ ఆ పిల్లల్ని అదే అడుగుతుంటానండి," అందట ఈవిడ.

సాయంత్రానికి తాళంచెవి గల్లాపెట్టె పక్కన మేకుకి వేలాడింది. ఇదంతా నేను తిరిగి వెళ్ళాక మిగతావాళ్ళు చెప్పారు. ఆవిడ మాత్రం నన్ను కుండీ దగ్గరికి తీసుకెళ్ళింది. మొక్క వేళ్ళు కుళ్ళి, ఆకులన్నీ పసుపుపచ్చగా వాలిపోయి ఉన్నాయి.

"ఇది ఎక్కడికీ లేచి వెళ్ళక్కర్లేదుగా, దీనికెందుకే అన్ని నీళ్ళు?" అంది.

అంతే. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి, పద్దుల పుస్తకం చివరి పేజీలో 'పెద్దక్కకి పదకొండు రోజులు' అని రాసుకున్నాను. ఒకసారి ఆ సంగతి చెబితే నవ్వింది.

"రోజులు కూడా బాకీ రాస్తారా? సరే, ఉండనీ. మంచాన పడ్డప్పుడు అడుగుతాలే."

అడగలేదు. ఈ మధ్య మంచాన పడిందని తెలిసి నేనే వెళ్ళాను. కోడలు ఒక ఆస్పత్రిలో కంప్యూటరు ముందు కూర్చుని బిల్లులు వేస్తుంది. సెలవులన్నీ అయిపోయి, అత్తగారినీ ఉద్యోగాన్నీ చూసుకోలేక నలుగుతోంది. పగలు నేనుంటానని చెప్పాను. పొద్దున తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం దాకా, బుధవారానికి పది రోజులు. మొదటిరోజే పెద్దక్క నా మొహం చూసి, దాహమా అని నన్నే అడిగింది.

గురువారం వెళ్ళేసరికి వాకిట్లో షామియానా వేస్తున్నారు. చేయడానికి నాకు పనేం మిగల్లేదు. షాపులో పాతవాళ్ళు నలుగురు ఆటోలో వచ్చి ఓ మూల నిలబడ్డారు. కోడలు మాత్రం తెల్లవారుజాము నుంచీ కదలకుండా అత్తగారి తల దగ్గర కూర్చుని ఉంది. పెదవులు ఎండి పగిలాయి. ఎవరేం ఇచ్చినా వద్దంటోంది.

మంచం పక్కన కిటికీలో పెద్దక్క సీసా ఉంది. చిలకపచ్చ పేలిక ఉతికి ఉతికి తెల్లబడింది. నీళ్ళు నింపి తెచ్చి కోడలి ముందు పెట్టాను. వద్దంది. అక్కడే నిలబడ్డాను. చాలాసేపటికి తలెత్తి నన్ను చూసింది, సీసాని చూసింది. కొంచెం కొంచెంగా తాగింది. అంతా తాగాక సీసా అందుకుని బోర్లించాను. చుక్క రాలేదు. అలాగే కిటికీలో పెట్టాను.

రాత్రి ఇంటికొచ్చి స్నానం చేసి పుస్తకం తీశాను. పెద్దక్కకి పదకొండు రోజులు. తీరింది.