వంతెన ముందు లుజోలో

లుకొంబో అన్నకు ఫోటోల పిచ్చి పట్టింది రేవులో గుమాస్తా పని మానుకున్నాకే. ఓడ మీద వంటవాడొకడు పాత డిజిటల్ కెమెరా వదిలేసి పోతే, దాన్ని తుడిచి మెడలో వేసుకున్నాడు. ఆదివారం ప్రార్థన అయ్యాక నది ఒడ్డున ఉన్న మా మతాది ఊరు సగం చర్చి మెట్ల మీద ఆయన ముందు నిలబడేది. ఒక్క ఫ్రాంకు పుచ్చుకునేవాడు కాదు. పళ్లు ఊడకముందు నేను నవ్విన నవ్వు ఇంకా మా గోడ మీద ఉందంటే ఆయన చలవే.

ఇంతమందిని తీసినవాడి ఇంట్లో ఆయన భార్య లుజోలో ఫోటో ఒక్కటీ లేదు. పెళ్లి ఫోటోలు ఒక వానాకాలం గోడ కూలి మట్టిలో కలిశాయి. ఆ తర్వాత ఆయన కెమెరా ఎత్తినప్పుడల్లా ఆవిడ మొహం తిప్పుకునేది.

"తీస్తే వంతెన ముందర తియ్యి. లేకపోతే వద్దు."

"అక్కడ తియ్యనివ్వరే."

"మూడేళ్లు ఆకు చుట్టిన కర్రపెండలం క్వంగా ముద్దలు గంపల్తో మోసి కూలీలకు పెట్టాను. నా చేతి కూడు తిని లేచిన వంతెన అది. దాని ముందు నిలబడొద్దని నాకెవడు చెప్పేది?"

చెప్పేవాళ్లకేం కొదవ. మా వంతెనను ఫోటో తీయకూడదు. ఎందుకంటే శత్రువు చూస్తాడట. ఆ శత్రువు ఆకాశంలోంచి మా పెరట్లో కోళ్లను కూడా చూడగలడని వీళ్లకెవరు చెబుతారు? కాపలావాళ్లు మాత్రం అదే వంతెన ముందు ఫోన్లు పట్టుకుని, వంకర్లు పోతూ ఫోటోలు దిగి మరదళ్లకు పంపుకుంటారు. కంచే చేను మేయడమంటే ఇదే.

అరవై నిండిన రోజు లుజోలో పసుపు పూల బట్ట కట్టుకుని, అదే బట్ట తలకు చుట్టుకుని, "పద" అంది. అన్న ముందే ఆఫీసుల్లో మూడు బల్లల చుట్టూ తిరిగి, మూడు ముద్రలున్న అనుమతి కాగితం సంపాదించాడు. తోడుగా నేనూ వెళ్లాను.

ఆయన ఒక్కసారి మీట నొక్కాడో లేదో, కాపలా సార్జెంటు వచ్చి చొక్కా పట్టుకున్నాడు.

"ఏం పెద్దాయనా, గూఢచారి పనా?"

"కాగితం ఉంది బాబూ. ఇవిగో ముద్రలు."

సార్జెంటు తీరిగ్గా చదివాడు. "ఇందులో ఊళ్లో తీసుకోవచ్చని ఉంది. వంతెన ఊళ్లో లేదు, నది మీద ఉంది."

వేళాకోళమనుకుని నేను నవ్వాను. వాడు నవ్వలేదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. అన్న చేతనే ఆ ఫోటో చెరిపించి, కెమెరా లాక్కున్నాడు. పైగా నేరం జరిగిన చోటికి రుజువు కావాలంటూ, లుజోలోను అక్కడే, వంతెన ముందరే నిలబెట్టి తన ఫోన్లో ఫోటో తీశాడు.

"కదలకే ముసల్దానా."

"నేనెందుకు కదుల్తాను నాయనా? కదిలేది నీ నాలుకే," అంది ఆవిడ, వాడి కళ్లల్లోకి చూస్తూ.

ఆరు వారాలకు లుజోలో జ్వరంతో పోయింది.

మా దగ్గర దుఃఖం విడిచే విందును మాతంగ అంటాం. ఆ రోజు పోయినవాళ్ల పటం వాకిట్లో పెడతాం. వచ్చినవాళ్లు ముందు పటంతో ఒక మాట మాట్లాడి, ఆ తర్వాతే పళ్లెం అందుకుంటారు. పటం లేకపోతే ఎవరితో మాట్లాడాలి? అన్న ఖాళీ చట్రం ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. ఊరందరి మొహాలూ దాచినవాడికి భార్య మొహం దక్కలేదు.

ఉన్నదల్లా సార్జెంటు ఫోన్లో ఉన్నది. ముగ్గురం కాదు, ఇప్పుడు ఇద్దరమే వెళ్లాం. "అది రుజువు, ఇవ్వకూడదు" అన్నాడు వాడు. మూడుసార్లు తిప్పి పంపాడు. నాలుగోసారి డెబ్బై ఏళ్ల లుకొంబో వాడి బూట్ల ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. వాడు పుల్లతో పళ్లు కుట్టుకుంటూ కాసేపు చూశాడు. ఆ చూడటం తలచుకుంటే నాకిప్పటికీ ఒంటి మీద పురుగు పాకినట్టుంటుంది.

"విందుకు నన్నూ పిలుస్తావా మరి?"

"పిలుస్తాను బాబూ."

అలా వచ్చింది పటం. లుజోలో పసుపు పూల బట్టలో నిలబడింది, వెనక వంతెన ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఉంది. ఆవిడ కోరినట్టే. "ఏమిటే, ఎవర్నో నమిలేసేట్టు చూస్తోంది?" అని చుట్టాలు అడిగారు. ఎవర్నో నేను చెప్పాను.

సార్జెంటు అన్నట్టే వచ్చాడు. పటంతో మాట లేదు, పలుకు లేదు, సరాసరి పళ్లెం దగ్గరికి పోయాడు. ఎండుచేప మూడుసార్లు వడ్డించుకున్నాడు, తాటికల్లు తాగాడు. మూతి తుడుచుకుని పటం పక్కన చేరి, ఆవిడ మొహానికి తన జిడ్డు మొహం ఆనించి, ఫోనెత్తి నొక్కాడు.

లుకొంబో అన్న లేచి వెళ్లి ఆ ఫోను మీద అరచెయ్యి పెట్టాడు.

"ఇక్కడ తియ్యకూడదు బాబూ."

"ఎందుకూ?"

"వెనక వంతెన ఉంది. చెరుపు. నేను చూస్తుండగా చెరుపు."

వాకిట్లో నూరుమంది చేతిలో ముద్ద చేతిలోనే పట్టుకుని చూస్తున్నారు. వాడు చెరిపాడు.